మినిట్స్ చేతికి రాకపోతే మీటింగ్ జరగనట్టే

ఉద్యోగ సంఘాలకూ ప్రభుత్వ శాఖలకూ మధ్య నడిచే ఉత్తరాలు, మీటింగులు, వాటి మినిట్స్ (ఏం తేలిందో రాసిన కాగితం), మెమోల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. పేర్లు, ఆఫీసుల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా శాఖలో కొత్తగా సంఘం పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ కూడా అయింది. అయినా డైరెక్టరేట్‌కు రాసిన ఏ ఉత్తరానికీ జవాబు రావడం లేదు. రిజిస్టరైన సంఘంతో మాట్లాడరా?
– జూనియర్ అసిస్టెంట్, కర్నూలు

జవాబు: రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు. మొదటిది మీ సంఘం ఉందని చెప్పే కాగితం. రెండోది మీతో మాట్లాడతామని ప్రభుత్వం ఇచ్చే కాగితం. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) కింద మీ హక్కు. గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగి సభ్యుడిగా ఉండకూడదన్న కేంద్ర నియమాన్ని సుప్రీంకోర్టు 1962లోనే కొట్టేసింది. కాబట్టి చందా కట్టినందుకు మీకు ఎవరూ సంజాయిషీ మెమో ఇవ్వలేరు. గుర్తింపు మాత్రం హక్కు కాదు, షరతులు తీరిస్తే దొరికేది. అది లేనంతవరకు మీ ఉత్తరం ఇన్‌వర్డ్ నంబరు పడి ఫైల్లో కూర్చుంటుంది. జవాబివ్వాల్సిన బాధ్యత శాఖకు లేదు.

షరతుల స్వభావం తెలియాలంటే కేంద్ర ప్రభుత్వ 1993 నాటి గుర్తింపు నియమాలు చూడండి. ఆ కేటగిరీ ఉద్యోగుల్లో కనీసం 35 శాతం మీ సభ్యులై ఉండాలి. 35 శాతం దాటిన సంఘం ఒక్కటే ఉంటే, రెండో స్థానంలో ఉన్న సంఘానికి 15 శాతం ఉన్నా గుర్తింపు ఇవ్వవచ్చు. 400 మంది ఉన్న కేడర్‌లో మొదటి సంఘానికి 140 మంది, రెండోదానికి 60 మంది కావాలన్నమాట. గుర్తింపు 5 ఏళ్లకే. కులం, తెగ, మతం ప్రాతిపదికన పెట్టిన సంఘానికి అది రాదు. సభ్యులైనా, ఆఫీస్ బేరర్లైనా సర్వీసులో ఉన్నవాళ్లే అయివుండాలి. రిటైరైన పెద్దాయనను గౌరవంకొద్దీ అధ్యక్షుడిగా కొనసాగించే సంఘాలు చాలా ఉన్నాయి. ఆయన అనుభవం కావాలంటే సలహా తీసుకోండి, లెటర్‌హెడ్ మీద మాత్రం ఆయన పేరు ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2001 నాటి సొంత నియమాలున్నాయి. వాటి ప్రతి సంపాదించి మీ బైలాస్‌ను (సంఘ నియమావళిని) పేరా పేరాకూ సరిపోల్చుకోండి.

సభ్యత్వం లెక్క ఎలా తేలుతుందంటే, కేంద్రంలో చెక్ ఆఫ్ పద్ధతి ఉంది. నా జీతంలోంచి ఫలానా సంఘానికి చందా కోసి పంపమని ఉద్యోగి సంతకం చేసి, జీతాల బిల్లు చేసే అధికారికి (డీడీవోకు) ఇస్తాడు. జీతం బిల్లులో ఎన్ని కోతలున్నాయో అన్ని తలకాయలు, అంతే. మీ దగ్గరున్న రసీదు పుస్తకాలు ఆ లెక్కకు పనికిరావు. ఇక్కడే సంఘాలు దెబ్బతింటాయి. బదిలీ అయిన సభ్యుడికి కొత్త డీడీవో దగ్గర కోత మొదలుకాదు, ఆర్నెల్లు ఎవరూ గమనించరు. ఒకే మనిషి మొహమాటానికి రెండు సంఘాలకూ ఫారం ఇస్తాడు, ఆ పేరు మీద తగాదా వస్తుంది. ప్రతి బదిలీల సీజన్ తర్వాత డీడీవో వారీగా జాబితా తెప్పించి చూసుకోవడం సంఘ కోశాధికారి పని.

వచ్చిన గుర్తింపు పోకుండా చూసుకోవడం మరో పని. కేంద్ర నియమాల ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం తర్వాత సభ్యుల జాబితా, సవరించిన బైలాస్, ఆడిటైన లెక్కలు జులై 1 లోపు ప్రభుత్వానికి చేరాలి. రాజకీయ నిధి ఉండకూడదు. తపాలా శాఖ 2023 ఏప్రిల్‌లో పాతకాలపు సంఘాలు రెండింటి గుర్తింపును రద్దు చేసింది. సంఘం డబ్బు రైతు ఉద్యమానికి, ఒక కేంద్ర కార్మిక సంఘానికి వెళ్లిందన్నది శాఖ చెప్పిన కారణం. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. మన మట్టుకు పాఠం ఏమిటంటే, వాళ్లు ముందు పట్టుకున్నది నినాదాలను కాదు, క్యాష్‌బుక్‌ను. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరిలో జీతాలు ఆలస్యమవుతున్నాయని ఒక సంఘం నేరుగా గవర్నర్‌ను కలిసినప్పుడు, గుర్తింపు నియమాలు చూపించే షోకాజ్ నోటీసు వచ్చింది.

ప్రశ్న: జిల్లా జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌లో మా సంఘం 22 అంశాలు పెట్టింది. కలెక్టర్ గారు ఓపిగ్గానే విన్నారు. అన్నింటికీ ‘ప్రభుత్వ దృష్టికి తీసుకెళ్తాం’ అన్న జవాబే. ఆ తర్వాత ఏమీ లేదు.
– జిల్లా శాఖ కార్యదర్శి, రాయలసీమ

జవాబు: 22 పెట్టడమే మొదటి పొరపాటు. కలెక్టర్ అధ్యక్షత వహించే కౌన్సిల్‌లో కలెక్టర్ సంతకంతో తేలేవే పెట్టాలి. డీఏ (కరవు భత్యం) బకాయిలు, పీఆర్సీ (వేతన సవరణ), సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) రద్దు లాంటివి ఆ బల్ల మీద తేలవు. అవి ముఖ్య కార్యదర్శి, ప్రధాన కార్యదర్శి స్థాయి మాటలు. వాటిని ఇక్కడ పెడితే, తేలేవాటికి కూడా అదే గతి పడుతుంది. ఏ అంశానికైనా ఒకే మూస జవాబు రాసే అవకాశాన్ని గుమాస్తాకు మీరే ఇస్తున్నారు.

జిల్లాలో తేలేవి తక్కువేమీ కాదు. సీనియారిటీ జాబితాలు, డీపీసీ (పదోన్నతుల కమిటీ) తేదీలు, ఆగిపోయిన ఇంక్రిమెంట్లు, సర్వీస్ రిజిస్టర్లలో పడని ఎంట్రీలు, కారుణ్య నియామకాలు, మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైళ్లు, మహిళా ఉద్యోగులకు మరుగుదొడ్డి లేని మండల కార్యాలయాలు, సెలవు రోజుల్లో పెట్టే టెలికాన్ఫరెన్సులు.

ఇక రాసే తీరు. ‘పదోన్నతులు వెంటనే కల్పించాలి’ అని రాస్తే జవాబు ‘నిబంధనల మేరకు పరిశీలిస్తాం’ అనే వస్తుంది. అదే అంశాన్ని ఇలా రాసి చూడండి: ‘సీనియర్ అసిస్టెంట్ పోస్టులు మంజూరైనవి ఇన్ని, ఖాళీలు ఇన్ని. కింది కేడర్ తుది సీనియారిటీ జాబితా ఫలానా తేదీన వెలువడింది, దానిపై అభ్యంతరాలు పెండింగ్‌లో లేవు. సెప్టెంబర్ 1న మొదలైన ప్యానెల్ (పదోన్నతి జాబితా) ఏడాదికి డీపీసీ ఇంకా జరగలేదు, ఆగస్టు 31తో ఆ ఏడాది ముగుస్తుంది. నియామకాధికారి కలెక్టరే. డీపీసీ తేదీ ఖరారు చేయాలి.’ దీనికి ‘పరిశీలిస్తాం’ అని రాయడం ఏ సెక్షన్ సూపరింటెండెంట్‌కైనా కష్టం. తేదీ అయినా రాయాలి, తేదీ ఎందుకు ఇవ్వలేరో అయినా రాయాలి. అలాంటివి ఒక మీటింగ్‌కు ఆరు చాలు.

అంశాలు ముందుగా ఇవ్వాలి, మీటింగ్ రోజున కాదు. సంబంధిత శాఖాధికారి రాతపూర్వక వివరణతో రాకపోతే చర్చ గాలికి పోతుంది. మాట్లాడేటప్పుడు మీవాళ్లలో ఒకరు మాట్లాడకుండా రాసుకోవాలి, ఎవరు ఏమన్నారు, ఏ తేదీ చెప్పారు అని. ఆ సాయంత్రమే మీ నోట్‌ను ‘నేటి సమావేశంలో మాకు అర్థమైన నిర్ణయాలు ఇవి, మినిట్స్‌లో చేర్చగలరు’ అని కౌన్సిల్ కన్వీనర్‌కు పంపి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. తర్వాత వచ్చే మినిట్స్ మీ నోట్‌తో తేడాగా ఉంటే వారం లోపే రాతలో అభ్యంతరం చెప్పండి. మినిట్స్ అసలే రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో జిల్లా కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘ఇంకా ఖరారు కాలేదు’ అని వచ్చినా మంచిదే. ఆ కాగితమే తర్వాతి మీటింగ్‌లో మీ మొదటి అంశం.

ప్రశ్న: కేంద్ర ఉద్యోగులకు జేసీఎం (ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం) ఉంది, అక్కడ ఒప్పుకోకపోతే ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల తీర్పుకు) వెళ్లవచ్చంటారు. మా వర్క్ నార్మ్స్ (ఒక్కొక్కరు ఎంత పని చేయాలన్న లెక్క) సమస్యను అలా తీసుకెళ్లవచ్చా?
– తపాలా ఉద్యోగి, వరంగల్

జవాబు: వర్క్ నార్మ్స్ చర్చకు వస్తాయి కానీ ఆర్బిట్రేషన్‌కు రావు. 1966లో మొదలైన జేసీఎం పథకంలో మూడు అంచెలున్నాయి: కేబినెట్ కార్యదర్శి అధ్యక్షత వహించే జాతీయ కౌన్సిల్, శాఖా కౌన్సిళ్లు, ప్రాంతీయ లేదా కార్యాలయ కౌన్సిళ్లు. సర్వీసు పరిస్థితులు, సంక్షేమం, పని ప్రమాణాలు అన్నీ మాట్లాడుకోవచ్చు. నియామకం, పదోన్నతి, క్రమశిక్షణ విషయాల్లో సాధారణ సూత్రాలకే పరిమితం. ఏ ఒక్కరి కేసూ ఎత్తకూడదు. నిర్బంధ ఆర్బిట్రేషన్ మూడింటికే: జీతభత్యాలు, వారపు పని గంటలు, ఒక తరగతి ఉద్యోగుల సెలవులు. అందుకే తెలిసినవాళ్లు ‘పని ఎక్కువైంది’ అని రాయరు. అదనపు పని వల్ల వారపు గంటలు ఎన్ని దాటుతున్నాయో అటెండెన్స్, లాగిన్ వివరాలతో చూపిస్తారు. సమస్య ఒకటే అయినా గంటల రూపంలోకి వస్తే దారి తెరుచుకుంటుంది.

అక్కడ ఏకాభిప్రాయం కుదరలేదని మినిట్స్‌లో నమోదైతేనే ముందుకు కదులుతుంది. అధికారుల పక్షం జాబితా నుంచి ఒకరు, సిబ్బంది పక్షం జాబితా నుంచి ఒకరు, బయటి నుంచి స్వతంత్ర ఛైర్మన్, మొత్తం ముగ్గురి బోర్డు. తీర్పు రెండు పక్షాలకూ కట్టుబాటే, పార్లమెంటు అధికారానికి లోబడి. జాతీయ ఆర్థిక వ్యవస్థ, సామాజిక న్యాయం కారణంగా మార్చాలనుకుంటే ప్రభుత్వం దాన్ని ఉభయ సభల ముందు పెట్టాలి. నాలుగు నెలలకు ఒకసారైనా కౌన్సిల్ కూర్చోవాలని పథకంలో రాసివుంది. కూర్చోవడం వేరే కథ.

ప్రశ్న: నేను ఆర్టీసీ కండక్టర్‌ని. పాత రోజుల్లో గుర్తింపు ఎన్నికలు జరిగేవి, గెలిచిన యూనియన్ మేనేజ్‌మెంట్‌తో ఒప్పందం రాసుకునేది. ప్రభుత్వంలో కలిశాక యూనియన్ ఉందో లేదో తెలియడం లేదు.
– విజయవాడ

జవాబు: యూనియన్ ఉంది, దాని చేతిలో ఉన్న పనిముట్టు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలోకి వచ్చారు. బస్సులు, స్థలాలు కార్పొరేషన్ పేరు మీదే ఉన్నాయి, మనుషులు మాత్రం ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. మార్పును ఒక్క మాటలో చెప్పాలంటే, ముందు మీరు బేరమాడే వర్క్‌మెన్, ఇప్పుడు విన్నవించే ఉద్యోగులు. అప్పట్లో యాజమాన్యంతో సంతకమైన వేతన ఒప్పందం ఉండేది, దాన్ని ఉల్లంఘిస్తే కార్మిక శాఖ గడప తొక్కేవాళ్లు. ఇప్పుడు జీతం పీఆర్సీ నివేదిక, జీవో ద్వారా తేలుతుంది. జీవో మీద మీ సంతకం ఉండదు.

ఉద్యోగ భద్రత, ఖజానా జీతం వచ్చాయి. అందుకు బదులుగా పోయింది బేరసారాల బలం. విలీనం కావాలని కొట్లాడినప్పుడు ఈ రెండో సగం గురించి డిపోల్లో పెద్దగా చర్చ జరగలేదు. ప్రవర్తనా నియమాలు వర్తిస్తే నాలుగో నియమం కింద సమ్మె నిషిద్ధం. సమ్మె నోటీసు ఇచ్చి గేటు దగ్గర కూర్చున్న పాత అలవాటుతో ఇప్పుడు కూర్చుంటే, రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి రాడు, అభియోగాలతో ఛార్జ్ మెమో వస్తుంది. కాబట్టి మీ యూనియన్ ముందు చూసుకోవాల్సింది గుర్తింపు ఉత్తర్వు ఏ నియమాల కింద ఉందన్నది. ఆ తర్వాత డిపో స్థాయి సమస్యలు, అంటే డ్యూటీ చార్టులు, ఓటీ (అదనపు గంటల పని), విశ్రాంతి గది, టికెట్లు కొట్టే టిమ్ మిషన్ తేడాల రికవరీలు. ఇవి డిపో మేనేజర్ దగ్గర మినిట్స్ రాయించుకుంటే తేలేవే.

తెలంగాణలో 2023లో విలీన చట్టం చేశారు. అక్కడి సోదరులు గుర్తుంచుకోవాల్సింది 2019 సమ్మె. అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాకా 52 రోజులు సాగింది. ఉద్యోగులు తిరిగి పనిలో చేరారు. ఆ వెంటనే డిపోల్లో యూనియన్ల స్థానంలో ఉద్యోగుల సంక్షేమ మండళ్లు పెట్టారు. మండలి సభ్యుడికి యాజమాన్యం మాట వినిపిస్తుంది. అతని మాట యాజమాన్యం వినాలన్న నిబంధన ఉందా అని ముందు అడగండి.

ప్రశ్న: నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్‌ని. వారానికి పదేసి సంఘాల ఉత్తరాలు వస్తాయి. ఏది పట్టించుకోవాలి, ఏది ఫైల్ చేయాలి? జవాబిస్తే తంటా, ఇవ్వకపోతే ధర్నా.
– హైదరాబాద్

జవాబు: బల్లకు అటువైపు నుంచి ఇలాంటి ప్రశ్న రావడం అరుదు.

సంఘాల ఉత్తరాలకు విడిగా ఒక రిజిస్టర్ పెట్టండి. అందులో మొదటి గడి తేదీ, రెండోది సంఘం, మూడోది గుర్తింపు ఉత్తర్వు నంబరు, దాని గడువు. ఈ మూడో గడి నింపితేనే సగం గొడవ తగ్గుతుంది. ఏ ఉత్తరాన్నైనా మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయండి: మన ఆఫీసర్ సంతకంతో తేలేది, శాఖాధిపతి దగ్గర తేలేది, ఆర్థిక శాఖ ఒప్పుకుంటే తప్ప తేలనిది. ఒకే ఉత్తరంలో మూడూ ఉంటే మూడు ఫైళ్లు చేయండి. ఒకే ఫైల్లో వేస్తే ఆర్థిక శాఖ దగ్గర ఆగిన అంశం మరుగుదొడ్డి తలుపును కూడా ఆపేస్తుంది. నిజంగానే ఆపుతుంది, నోట్ ఫైళ్లు తిరగేసి చూడండి.

మొదటి కుప్పకు పక్షం రోజుల్లో నిర్ణయం చెప్పండి. రెండు, మూడు కుప్పలకు ‘మీ వినతిని ఫలానా తేదీన ఫలానా నంబరుతో పంపాం’ అని ఒక వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే చాలా ధర్నాలు జరుగుతాయి. ఫలానా ఉద్యోగి మెమో రద్దు చేయాలని సంఘం రాస్తే, ఆ ఉద్యోగి స్వయంగా అప్పీలు చేసుకోవాలని మర్యాదగా తిప్పి పంపండి. అతని కేసు వివరాలు మాత్రం సంఘానికి రాతలో ఇవ్వకండి. గుర్తింపు లేని సంఘం ఉత్తరంలో నిజమైన సమస్య ఉంటే సంఘంతో ఉత్తరాలు నడపక్కర్లేదు, సమస్యను మీ అంతట మీరే తీసుకుని పరిష్కరించవచ్చు. దాన్ని ఏ నియమమూ అడ్డుకోదు.

ఇంకొకటి. కొత్త విధానం, అంటే పనివేళలు, ముఖ హాజరు, కౌన్సెలింగ్ మార్గదర్శకాలు ఏవైనా తెస్తున్నప్పుడు ముసాయిదాను సంతకానికి ముందు గుర్తింపు సంఘాలకు చూపించమని మీ అధికారికి నోట్ పెట్టండి. తెలంగాణలో 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవో గుర్తుందిగా. కొత్త జిల్లాలకు ఉద్యోగుల కేటాయింపు అది. స్థానికత, భార్యాభర్తల కేసుల గొడవ ఏళ్ల తరబడి కోర్టుల్లో, కమిటీల్లో నలిగింది. నాలుగు రోజులు ఆగి అభ్యంతరాలు తీసుకుంటే, ఆ తర్వాత మీ సెక్షన్ రాయాల్సిన కౌంటర్ అఫిడవిట్లు చాలావరకు తగ్గుతాయి.

ప్రశ్న: మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కాదు కదా? నోటీసు ఇచ్చి చేస్తే చర్య ఉండదని మా నాయకులంటున్నారు.
– ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: మీ నాయకుల మాట ధైర్యానికి పనికొస్తుంది, ఛార్జ్ మెమోకు జవాబుగా పనికిరాదు. క్యాజువల్ లీవ్ మంజూరు చేస్తేనే లీవ్. అందరూ ఒకే రోజు, ఒకే కారణానికి పెడితే మంజూరు చేయరు, అప్పుడది అనధికార గైర్హాజరు. ప్రభుత్వ ఉద్యోగికి నోటీసు ఇవ్వడం వల్ల సమ్మె చట్టబద్ధం కాదు. నోటీసు నాలుగు రోజులు మాట్లాడుకోవడానికి తెరిచే కిటికీ మాత్రమే. ప్రవర్తనా నియమాల్లో సమ్మెకు సంబంధించిన నాలుగో నియమంలో ‘అలాంటి చర్యలు’ అన్న మాట కూడా ఉంది. పెన్‌డౌన్ (ఆఫీసుకొచ్చి పని ఆపడం), వర్క్ టు రూల్ (నియమంలో ఉన్నంతే చేయడం) అన్నీ దాంట్లోకి లాగవచ్చు.

కోర్టుల దారి ఇది. 1962లో బిహార్ కేసులో శాంతియుత ప్రదర్శన హక్కును సుప్రీంకోర్టు నిలబెట్టింది, సమ్మె హక్కును ఒప్పుకోలేదు. 1969లో రైల్వే కేసులో, యజమాని ఆవరణలో మీటింగ్ పెట్టుకోవడం హక్కు కాదంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన దాదాపు 1.7 లక్షల మందిని ఒక్కసారిగా తొలగించినప్పుడు, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కుగానీ, చట్టబద్ధ హక్కుగానీ, నైతిక హక్కుగానీ లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే భోజన విరామంలో, గేటు బయట, నల్ల బ్యాడ్జీతో నిలబడటం మన దగ్గర ఇంత పాతుకుపోయింది. అది అలవాటు కాదు, ఆ తీర్పులు మిగిల్చిన జాగా.

మరి సమ్మెలు జరగలేదా? జరిగాయి. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా సాగిన సకల జనుల సమ్మె 42 రోజులను తర్వాత తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక సెలవుగా లెక్కగట్టింది. అది రాజకీయ నిర్ణయం, నియమం ఇచ్చిన హక్కు కాదు. పని లేనిదే జీతం లేదన్నది మామూలు సూత్రం. విడిగా ఉత్తర్వు రాకపోతే ఆ కాలం సర్వీసులో తెగినట్టు పడి ఇంక్రిమెంటు, పెన్షన్ దాకా తగులుతుంది. సమ్మె విరమణ ఒప్పందంలో మొదట రాయించాల్సింది అందుకే ఆ రోజుల లెక్క.

నోటీసు ఏం సాధిస్తుందో చూడాలంటే ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ గొడవ ఉంది. జనవరి 17న జీవోలు వచ్చాయి, 24న నోటీసు ఇచ్చారు, ఫిబ్రవరి 3న చలో విజయవాడ, 6వ తేదీ అర్ధరాత్రి నుంచి సమ్మె అన్నారు. 5న రాత్రికి మంత్రుల కమిటీతో రాజీ కుదిరింది. ఇంటి అద్దె భత్యం శ్లాబులు మారాయి, ఐఆర్ (మధ్యంతర భృతి) రికవరీ ఆగింది, పీఆర్సీ ఐదేళ్లకోసారే ఉంటుందన్నారు. 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనంపై పెంపు) మాత్రం అంగుళం కదల్లేదు. అంకె మీద ముందే కేబినెట్ సంతకం పడితే దాని చుట్టుపక్కల ఉన్నవే మారుతాయి. బేరం జీవోకు ముందు జరగాలి.

ప్రశ్న: సంఘం ఆఫీస్ బేరర్‌ని బదిలీ చేయకూడదంటారు. నన్ను చేశారు.
– మండల శాఖ అధ్యక్షుడు, తూర్పు గోదావరి

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో గుర్తింపు పొందిన సంఘాల ఆఫీస్ బేరర్లకు మూడు టర్ములు, లేదా 9 ఏళ్లు ఒకే చోట ఉండే వెసులుబాటు బదిలీ మార్గదర్శకాల్లో వస్తూనే ఉంది. మీది ఆగకపోవడానికి మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. సంఘం గుర్తింపు గడువు తీరిపోయి ఉండాలి. లేదా బదిలీలపై నిషేధం ఎత్తేసిన తర్వాత మీ పేరు జాబితాలోకి ఎక్కి ఉండాలి. బదిలీలు మొదలయ్యాక ‘ఎన్నికైన’ నాయకులను ఏ అధికారీ నమ్మడు, తప్పు పట్టలేం. లేదా మీ పదవి ఆ ఉత్తర్వులో చెప్పిన పదవుల్లో లేకపోవాలి. ఎన్నికల మినిట్స్ తేదీ, జాబితా అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ తేదీ, బదిలీ ఉత్తర్వు తేదీ, ఈ మూడూ వరుసగా ఉంటేనే అప్పీలు రాయండి. సంఘం పనికి ఇచ్చే ఏటా 21 రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవ్ కూడా ఇలాంటి జాబితాతోనే ముడిపడి ఉంది.

ప్రశ్న: సస్పెండ్ చేశారు. పదిహేనేళ్లుగా చందా కడుతున్న సంఘం ‘వ్యక్తిగత కేసు, మేం రాయకూడదు’ అంటోంది. ఇక సంఘం ఎందుకు?
– వీఆర్వో

జవాబు: వాళ్లన్నది సగం నిజం. లెటర్‌హెడ్ మీద మీ పేరుతో రాయకూడదు. విచారణలో మీ పక్కన డిఫెన్స్ అసిస్టెంట్‌గా మరో ప్రభుత్వ ఉద్యోగి కూర్చోవచ్చు, ఆ మనిషి సంఘ నాయకుడు కూడా కావచ్చు. ఊరేగింపుల్లో కనిపించే నాయకుడిని కాదు, రూల్ 20 కింద క్రమశిక్షణ విచారణలు నడిపిన అనుభవం ఉన్న పాత సూపరింటెండెంట్‌ని వెతకండి. మీ సంఘంలో అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఈలోపు మీ పని మీరు చేయండి. సస్పెన్షన్ కాలంలో సగం జీతపు సెలవుకు వచ్చేంత జీవన భృతి, దానిపై డీఏ రావాలి. వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదన్న సర్టిఫికెట్ నెలనెలా ఇస్తేనే డీడీవో బిల్లు చేస్తాడు. చాలామందికి భృతి ఆగేది ఇక్కడే. సమీక్షలో ఆ మొత్తంలో 50 శాతం దాకా పెంచవచ్చు. విచారణ జాప్యానికి మీరే కారణమని తేలితే తగ్గించనూ వచ్చు, అందుకే వాయిదాలు అడగకండి. ఛార్జ్ మెమో ఇవ్వకుండా మూడు నెలలు దాటి సస్పెన్షన్ సాగదీయకూడదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. మూడు నెలలు నిండిన మర్నాడు ఆ తీర్పు ఉటంకిస్తూ మీ పేరుతో, సరైన మార్గంలో, అంటే పై అధికారి ద్వారా, ఒక వినతి పెట్టండి.

ప్రశ్న: ప్రభుత్వ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నాం. ఏజెన్సీ రెండు నెలలకోసారి జీతం ఇస్తుంది, పీఎఫ్ కడుతుందో లేదో తెలియదు. ఉద్యోగ సంఘాలు మమ్మల్ని చేర్చుకోవు.
– స్టాఫ్, ఖమ్మం

జవాబు: చేర్చుకోకపోవడమే మీకు ఒకరకంగా మేలు. మీరు ప్రవర్తనా నియమాల కింద ఉన్న ఉద్యోగులు కారు, కార్మికులు. కార్మిక సంఘం రిజిస్టర్ చేసుకునే దారి మీకు తెరిచే ఉంది. సంతకాలకు కనీసం ఏడుగురు కావాలి. అలాగే ఆ సంస్థలో పనిచేసేవాళ్లలో 10 శాతం, లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. 300 మంది ఉన్న ఆసుపత్రిలో 30 మంది చాలు. రెగ్యులర్ ఉద్యోగికి లేని సౌలభ్యం ఇది. అయితే అత్యవసర సేవల చట్టం (ఎస్మా) మీకూ తగలవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు, మధ్యలో జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కారని జీతం దగ్గర అనేవాళ్లే, సమ్మె దగ్గరికి వచ్చేసరికి అత్యవసర సేవ అన్నారు.

జీతం సంగతి చూద్దాం. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు యజమాని, అంటే మీ ఆసుపత్రి, ఇచ్చి అతని బిల్లులో పట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంతో వచ్చిన సూత్రం. కాబట్టి ఉత్తరం ఏజెన్సీకి కాదు, సూపరింటెండెంట్‌కు రాయండి, ఒక నకలు కార్మిక శాఖకు. తెలంగాణలో 2021 సవరణతో ఔట్‌సోర్సింగ్ రేట్లు కేటగిరీని బట్టి 15,600, 19,500, 22,750 రూపాయలు. ఇది మొత్తం వేతనం, చేతికొచ్చేది కోతలు పోగా. మీ కేటగిరీ ఏదో నియామక ఉత్తర్వులో చూసుకోండి, చాలామందికి ఆ ఉత్తర్వే ఉండదు.

పీఎఫ్ కట్టిందీ లేనిదీ తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. మీ పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ తెరిచి నెలలవారీగా చూడండి. యజమాని వాటా గడి ఖాళీగా ఉన్న నెలలు ఒక కాగితం మీద రాయండి. వేతనం 21,000 లోపు అయితే ఈఎస్ఐ కూడా ఉండాలి. పది మంది పాస్‌బుక్ ప్రింట్లు జతచేసి, ఏజెన్సీ తర్వాతి బిల్లు పాస్ చేసేముందు పీఎఫ్ చలానాలో మా పేర్లున్నాయో చూడమని ఆసుపత్రి అకౌంట్స్ సెక్షన్‌కు రాయండి. ఏజెన్సీలు చలానా జతచేస్తాయి, అందులో ఎంతమంది పేర్లున్నాయో లెక్కపెట్టే తీరిక ఆ సెక్షన్‌కు ఉండదు. లెక్కపెట్టి పేర్లు లేనివాళ్లకు టిక్ పెట్టిన కాగితం మీరే ఇస్తే, బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగిన రోజు సాయంత్రానికి ఏజెన్సీ సూపర్‌వైజర్ మీ దగ్గరికే వస్తాడు.